నాలుగు వేళ్ళ వెలితి

ఇది ఒక మహాసంగ్రామం కథ. ఇందులో రెండు వంశాలు ఎదురెదురుగా నిలబడతాయి, ఒక తల్లి కన్నకొడుకును నలుగురిలో దొంగను చేస్తుంది, ఒక ఇత్తడి పాత్ర తన కడుపులో దాచుకున్నదంతా సభ మధ్యలో కక్కుతుంది, ఆకాశం ఎర్రబారుతుంది. అని మొదలుపెట్టి కూర్చున్నాను గానీ, వంటింట్లోంచి బెల్లం పాకం మాడిన వాసన వచ్చి లేవాల్సి వచ్చింది. గిన్నె దించి, కిటికీ తెరిచి, మళ్ళీ వచ్చి కూర్చునేసరికి సంగ్రామం చల్లారిపోయింది. నిజం చెప్పాలంటే ఇది ఒక గంగాళం శెనక్కాయ ఉండలు దారిలో నాలుగు వేళ్ళ మేర కిందికి దిగిన కథ. ఆకాశం ఎర్రబారిన మాట మాత్రం అబద్ధం కాదు. మా అనంతపురం వైపు వానల కోసం ఎదురుచూసే రోజుల్లో గాలి లేచిందంటే ఆకాశం ఎవరి కష్టంతోనూ సంబంధం లేకుండా ఎర్రబారుతుంది. దుమ్ము.

మాడిన బెల్లం వాసన నన్ను ఎప్పుడూ ఒకే చోటికి తీసుకుపోతుంది. ముదిగుబ్బ దాటి లోపలికి పోతే మా ఊరు, ఊరి చివర మా మట్టి మిద్దె, మిద్దె వెనక గొర్రెల దొడ్డి, దొడ్డి పక్కన కట్టెల పొయ్యి, పొయ్యి ముందు మా అవ్వ. పంట పండిన ఏడు చేలోంచి పీకుకొచ్చిన పచ్చి కాయలు ఉప్పేసి ఉడకబెడితే వచ్చే మట్టి వాసన, పండని ఏడు అదే చేలోంచి గొర్రెలకు కోసుకొచ్చిన ఎండు తీగల కట్టె వాసన, రెండు కాలాల్లోనూ మారని గొర్రెల వాసన, ఇవన్నీ కలిసి మా ఇంటికి ఒక సొంత గాలి ఉండేది. ఆ గాలిలో పెరిగినవాళ్ళకు అత్తరు పడదు. నాకైతే ఇప్పటికీ తుమ్ములొస్తాయి.

అప్పుడు నాకు పదేళ్ళుంటాయేమో. నా ఆస్తి ఒక సొట్టల సత్తు పళ్ళెం, ఒక గుడ్డ సంచీ నిండా గాజు గోలీలు. గోలీలాటకు మగపిల్లలు నన్ను రానిచ్చేవాళ్ళు కాదు. గెలుస్తానని భయపడి కాదు, ఓడిపోతే ఏడ్చి మా అవ్వను పిలుస్తానని. అందుకని నేను మిద్దె నీడలో ఒక్కదాన్నే కూర్చుని, గోలీలన్నీ పళ్ళెంలో పోసి, పళ్ళేన్ని కాస్త వంచి కుదిపేదాన్ని. మొదట దొమ్మీ. ఒకదాన్నొకటి గుద్దుకుని, ఎక్కి, దొర్లి, సందులు వదిలి, గందరగోళం. కుదిపే కొద్దీ ఒక్కో గోలీ తన పక్కన పల్లం ఎక్కడ దొరికితే అక్కడికి జారుకునేది. కాసేపటికి చూస్తే ఒక్కో గోలీ చుట్టూ సరిగ్గా ఆరు గోలీలు, వాటి చుట్టూ ఇంకో వరుస, తేనెతుట్టె గదుల్లాగా. నేను వేలు పెట్టింది లేదు, సర్దింది లేదు. సాయంత్రం దొడ్డిలో గొర్రెలూ అంతే. తోలగానే తొక్కులాట, ఒకదాని మీద ఒకటి తల పెట్టడం, తర్వాత ఏదో ఒక క్షణాన అన్నీ ఒదిగి పడుకోవడం. తోలేటప్పుడు పట్టని దొడ్డి రాత్రికి పట్టేది. ఇందులో పెద్ద సంగతి ఏదో ఉందని నాకు అప్పుడు అనిపించలేదు. అనిపించి ఉంటే ఈపాటికి ఎక్కడో ఉండేదాన్ని, పాకం మాడ్చుకుంటూ కాదు.

అవ్వకు మాత్రం ఈ విద్య బాగా తెలుసు. కాయలు కొనడానికి వచ్చిన వ్యాపారి మనిషి కొలత డబ్బాలో కాయలు పోసి, డబ్బాను నేలకేసి టకటకా తడితే అవి దిగేవి, మళ్ళీ పోసేవాడు, మళ్ళీ తట్టేవాడు. అవ్వ ఊరుకునేది కాదు. "తట్టొద్దప్పా, తట్టినావంటే నీ డబ్బా ఎత్తి దిబ్బలో ఏస్తా" అని మీదికి పోయేది. అదే అవ్వ అంగట్లో బియ్యం కొనేటప్పుడు మాత్రం, "ఏమప్పా, బియ్యం పోస్తాండావా, గాలి పోస్తాండావా? తట్టి పొయ్యి" అనేది. అమ్మేటప్పుడు ఒక న్యాయం, కొనేటప్పుడు ఒక న్యాయం. మా ఊళ్ళో పుట్టిన ప్రతి మనిషికీ మాటలతో పాటు ఈ రెండు న్యాయాలూ వచ్చేవి. అందుకే ఆ రోజు ఆ ఇంట్లో అంతమంది ఉండి ఒక్కరికీ ఇది తట్టకపోవడం నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది.

ఆ రోజు మా పద్మత్త శ్రీమంతం. పద్మత్త మా నాయన చెల్లెలు. గుమ్మఘట్ట వైపు, సగం తెలుగు సగం కన్నడం మాట్లాడే ఊరికి ఇచ్చారు. అంతకు ముందు ఏడు ఆమెకు కడుపు నిలిచి, ఆరో నెల రాకుండానే పోయింది. ఆ ఊరి నుంచి ఆసుపత్రికి చేరేసరికే ఆలస్యమైందని మా వాళ్ళు, దిష్టి తగిలిందని వాళ్ళ వాళ్ళు. ఈసారి ఏడో నెల పడింది. శ్రీమంతం కాగానే అత్తను మా ఊరికి తీసుకొచ్చి పెట్టుకోవాలని అవ్వ పట్టుదల, ఎందుకంటే మా ఇంటి నుంచి ఆసుపత్రి ఆటో దూరం. పంపాలంటే అక్కడ అత్త అత్తగారు హనుమక్క ఒప్పుకోవాలి. హనుమక్క చెడ్డమనిషేమీ కాదు. భయపడ్డ మనిషి. ఒకసారి పోయినదాన్ని చూసి, ఇంక కాకి అరిచినా శకునం వెతుక్కునే స్థితిలో ఉంది.

పుట్టింటి నుంచి సారె పోవాలి. సారె అంటే మా ఇళ్ళల్లో ఇత్తడి గంగాళం నిండా శెనక్కాయ ఉండలు. ఆ ఏడు పంట లేదు. విత్తనానికని గాదెలో దాచిన కాయలే అవ్వ తీసింది, వాన పడితే ఏం విత్తుతావని నాయన అడిగితే, "వాన పడినప్పుడు సూస్కుందాము, బిడ్డ అంతవరకు ఆగుతాదా?" అంది. ఇంటిల్లిపాదీ రెండు రోజులు కాయలు ఒలిచాం, వేళ్ళ చివర్లు పగిలేదాకా. అవ్వ పప్పులు వేయించి, పొట్టు చెరిగి, బెల్లం పాకం ముదరబెట్టి, అరచేతులకు బియ్యప్పిండి అద్దుకుని, చెయ్యి కాలుతున్నా ఊదుకుంటూ ఉండలు చుట్టింది. చల్లారాక అవి రాళ్ళయ్యేవి. పళ్ళున్నవాళ్ళు కొరికేవాళ్ళు, లేనివాళ్ళు చప్పరించేవాళ్ళు, నాలాంటి వాళ్ళు విరిగిన ముక్కల కోసం పొయ్యి చుట్టూ తిరిగేవాళ్ళు.

సారెకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. గంగాళం అంచు దాటి పైకి గోపురంలా నిండాలి. ఎన్ని ఉండలో లెక్కబెట్టకూడదు, దిష్టి. గంగాళాన్ని తట్టకూడదు, కుదపకూడదు, లోపలి బిడ్డ ఉలిక్కిపడుతుంది. అందుకని అవ్వ స్నానం చేసి, తడి జుట్టుతో కూర్చుని, ఒక్కో ఉండను గుడ్డును పెట్టినట్టు పెట్టింది. పడ్డచోటే పడి, ఒకదాని భుజం మీద ఒకటి ఆనుకుని, మధ్యలో బోలెడంత గాలిని ఇరికించుకుని, గంగాళం గోపురం కట్టింది. జీవితమంతా డబ్బా తట్టే వాళ్ళతో పోట్లాడిన మనిషి, ఆ ఒక్క పాత్రను మాత్రం తట్టకుండా నింపింది. పసుపు గుడ్డ కప్పి, దారంతో తన పద్ధతిలో ఒక ముడి వేసింది.

తెల్లవారుజామున టెంపో వచ్చింది. అమ్మ గొర్రెలకు కాపలా ఉండిపోయింది. అవ్వా నాయనా ముందు కూర్చున్నారు. వెనక గంగాళం, దానికి అటు నేను, ఇటు మా ఓబులేసు చిన్నాయన. చిన్నాయన నాయనకు తమ్ముడు, పెళ్ళి కాలేదు, తిండి విషయంలో ఆయనకున్న పేరు రాజకీయాల్లో ఉంటే ఎన్నిక గెలిపించేది. అలాంటి మనిషిని ఉండలకు కాపలా పెట్టడం అవ్వకు ఇష్టం లేదు. కానీ గంగాళం దొర్లకుండా పట్టుకునే బలం ఆయనకే ఉంది. "చెయ్యి అంచు మీదనే ఉండాల, లోపలికి పోకూడదు" అని చెప్పి ఎక్కింది.

కళ్యాణదుర్గం దాటాక రోడ్డు ఉన్నట్టు గుర్తులు మాత్రమే మిగిలాయి. టెంపో ఎగిరిన ప్రతిసారీ నా పళ్ళు ఒకటికొకటి తగిలేవి, గంగాళం లోపల గరగరమని సన్నగా చప్పుడయ్యేది, మేకలు నెమరు వేసినట్టు. ఎండ ఎక్కింది. వేడిగాలి ఎర్ర దుమ్మును చెవుల్లో నింపింది. కొంతసేపటికి నేను పసుపు గుడ్డ వంక చూశాను. బిగుతుగా బొజ్జలా ఉన్న గుడ్డ మెత్తబడింది. ఇంకాసేపటికి మడతలు పడింది. ఆ తర్వాత మధ్యలో గుంట.

"చిన్నాయనా, గుడ్డ సూడు."

"వదులైతాండాది. గాలికి ఎగిరిపోతే మీ అవ్వ నన్ను ఎగరేస్తాది" అని, దారం విప్పి, గుడ్డను గుంజి, మళ్ళీ గట్టిగా కట్టాడు. గుడ్డ ఎత్తలేదు. చెయ్యి లోపలికి పోలేదు. ఆ విషయానికి ప్రపంచంలో ఒకే ఒక్క సాక్షిని నేను.

ఎండ నడినెత్తికి వచ్చేవేళ చేరాం. "బర్రి, బర్రి" అని కన్నడంలో రమ్మంటూ హనుమక్క ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చింది. పద్మత్త గడపలో నిలబడి ఉంది, ముఖం పాలిపోయి, కళ్ళు మాత్రం మమ్మల్ని నములుతూ. ఆమె వెనక తలుపు చాటున రేకు పెట్టె, సర్దేసి, తాళం కూడా వేసి. ఊరి ఆడవాళ్ళంతా వసారాలో కూర్చున్నారు. గంగాళం మధ్యలో పెట్టారు. అవ్వ ముడి విప్పబోయి ఆగింది. ఆ వేళ్ళు ఆగడం నేను చూశాను. తర్వాత విప్పింది. గుడ్డ తీసింది.

గోపురం లేదు. గోపురం సంగతి అటుంచి అంచు కూడా లేదు. హనుమక్క వంగి, చెయ్యి చాపి, అంచు నుంచి లోపలికి పెట్టింది. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు, నాలుగూ అడ్డంగా ఒకదాని కింద ఒకటి మునిగాక చిటికెనవేలికి ఉండలు తగిలాయి. వసారాలో విసనకర్రలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఏమక్కా ఇది? పోయిన తూరి ఏమైందో మర్సిపోయినావా? మళ్ళా వెలితి తెస్తివే!"

అవ్వ తిరిగి చిన్నాయనను చూసింది. "ఓబులేసూ, ఆ ముడి నాది కాదు. ఎవురు ఇప్పిరి?"

"నేనే ఇప్పినానమ్మా. వదులైతాంటే మళ్ళా కట్టినా."

"తిన్నావా?"

"లేదమ్మా."

"కడుపుతో ఉండే పిల్లకు తెచ్చినది రా. విత్తనాలు ఒలిచి తెచ్చినది. తిన్నావా?"

చిన్నాయన ఒక్క అడుగు వెనక్కి వేశాడు. అంత పెద్ద మనిషి ముఖం అట్లా చిన్నదవడం నేను అంతవరకు చూడలేదు. అప్పుడు నేను లేచి, "చిన్నాయన తినలేదు, నేను సూస్తానే ఉన్నా" అన్నాను. హనుమక్క నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి వాసన చూసింది. పొద్దున నాకు అవ్వే ఇచ్చిన విరిగిన ముక్కల బెల్లం వాసన ఇంకా నోట్లోనే ఉంది. "సాక్షి మాట బాగుండాది. నోరంతా బెల్లమే" అంది. నా సాక్ష్యం అంతటితో కొట్టేశారు. మేం నిజంగా నాలుగు వేళ్ళ మేర తిని ఉంటే ఇద్దరినీ టెంపోలోంచి స్ట్రెచర్ మీద దించాల్సి వచ్చేదని ఎవరూ ఆలోచించలేదు.

"దారి బాగలేదక్కా" అని నాయన ఏదో మొదలుపెట్టాడు.

"దారి తింటాదా అన్నా?" అంది హనుమక్క. ఆమె గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ. "నేను పంపను. కాన్పు ఈడనే కానీ. వెలితి ఇంటికి పిల్లను పంపి, మళ్ళా అట్లాటిది నేను సూడలేను."

మామ, అంటే పద్మత్త భర్త, పైకప్పు దూలాలు పరీక్షిస్తున్నాడు. సంసారంలో కష్టం వచ్చినప్పుడల్లా ఆయనకు వడ్రంగం మీద ఆసక్తి కలిగేది. పద్మత్త ఏడవలేదు. తలుపు చాటున రేకు పెట్టెకు కాలు ఆనించి నిలబడింది, ఎవరైనా దాన్ని లోపలికి తీసుకుపోతారేమోనని.

అప్పుడు హనుమక్క ఇంకో మాట అంది. "అడుగున ఏముందో! పొట్టు పోసి పైన ఉండలు పరిచినారో ఏమో!"

అవ్వ తన సంచీలోంచి ఉతికిన దుప్పటి తీసి వసారాలో పరిచింది. "కుమ్మరించుకో. సూస్కో."

నాయనా చిన్నాయనా గంగాళం ఎత్తి వంచారు. గులకరాళ్ళ వంకకు నీళ్ళొచ్చినట్టు ఉండలన్నీ దుప్పటి మీదికి దొర్లాయి. పొట్టు లేదు, గడ్డి లేదు, అన్నీ ఉండలే. హనుమక్క తల వంచుకుంది గానీ, నాలుగు వేళ్ళ లెక్క మాత్రం అట్లాగే ఉంది. మంచి గడియ దాటిపోతోందని ఎవరో గొణిగారు. ఇంక ఎవరూ కదలకపోయేసరికి పద్మత్త వచ్చి, నడుము పట్టుకుని మెల్లగా కింద కూర్చుని, ఖాళీ గంగాళంలో ఉండలు తిరిగి పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కోటి, మెల్లగా, చప్పుడు కాకుండా. అందరం ఊరికే చూస్తున్నాం. సగమైంది. ముప్పాతికైంది. అంచుకు వచ్చింది. దుప్పటి మీద ఇంకా ఉన్నాయి. అంచు దాటింది. అవ్వ కట్టినంత ఎత్తు కాకపోయినా గోపురం లేచింది. దుప్పటి మీద ఇంకా ఉన్నాయి. మిగిలినవి పద్మత్త కొంగులో వేసుకుంది.

"ఏమప్పా ఇది!" అంది హనుమక్క, చేతులు జోడించి. "పెరిగినాయే!"

వసారా మొత్తం లేచి గంగాళానికి దండం పెట్టింది. మహిమ అన్నారు, అమ్మవారు అన్నారు, కవలలేమో అని కూడా ఒకామె అంది. చిన్నాయన మీద నింద పోయింది కానీ, ఆ మాట ఆయనతో చెప్పే తీరిక ఎవరికీ లేదు, అందరి చేతులూ దండాల్లో ఉన్నాయి. నేను మాత్రం గంగాళం వంక చూస్తూ నిలబడ్డాను. నా సత్తు పళ్ళెం గుర్తొచ్చింది. డబ్బా తట్టే వ్యాపారి గుర్తొచ్చాడు. ఎవరైనా దీన్ని ఒక్క తన్ను తంతే మహిమ మళ్ళీ నాలుగు వేళ్ళు దిగుతుంది.

"అత్తా, కుదిపితే మళ్ళా..." అని మొదలుపెట్టాను.

పద్మత్త కొంగులోంచి ఒక ఉండ తీసి నా నోట్లో కుక్కింది. పూర్తిగా. దాన్ని కొరకడానికి నాకు చాలాసేపు పట్టింది, ఆమెకు కావలసిందీ అదే. అప్పుడు అర్థమైంది, ఆమె కూడా అవ్వ కూతురే.

గంగాళాన్ని దేవుడి గదికి మోసుకుపోవాలి. అటు చిన్నాయన, ఇటు మామ. పక్కనే పద్మత్త, కొంగు మూట కట్టుకుని. ఆ వసారా నుంచి ఆ గదికి పట్టిన సమయంలో నేను ఊపిరి పీల్చానో లేదో చెప్పలేను, నోరు ఎటూ నిండి ఉంది. మామ గడప దగ్గర కాలు తట్టుకున్నాడు. గంగాళం గడపకు దబ్బున తగిలింది. గరగర. గోపురం కళ్ళముందే కాస్త చదునైంది. హనుమక్క వెనక్కి తిరిగేలోపల పద్మత్త చెయ్యి కొంగులోకి పోయి వచ్చింది, పైన కొత్త ఉండలు కూర్చున్నాయి. గదిలో పీట మీద దించేటప్పుడు ఇంకోసారి. బయట తప్పెట వాయించేవాళ్ళు వచ్చి నిలబడితే, "తలనొప్పిగా ఉండాది, వద్దన్నా" అని ఆమే పంపించేసింది. చివరికి హనుమక్క కళ్ళు మూసుకుని గోపురం మీద కొబ్బరికాయ నిలబెట్టింది. కొబ్బరికాయ కాస్త కుంగింది. ఆగింది.

ఆ తర్వాత ఆడవాళ్ళ వీడ్కోళ్ళు. లోకంలో అంత పొడుగు వీడ్కోళ్ళు ఎక్కడా ఉండవు. అవ్వ గడపలో నిలబడి చుట్టాల ఆరోగ్యాలన్నీ వరసగా విచారిస్తుంటే, నేను ఆమె కొంగు పట్టుకుని టెంపో వైపు లాగుతూనే ఉన్నాను. హనుమక్క పద్మత్త తల నిమిరి, "పో తల్లీ, నిండుగా పో" అంది. ఆ ఒక్కచోట నాకు నవ్వు రాలేదు. పద్మత్త రేకు పెట్టెను చిన్నాయన ఒక్కడే ఎత్తి టెంపోలో పెట్టాడు. కొంగు విప్పితే అందులో ఒకటో రెండో మిగిలాయి. వాటిని అవ్వ తీసుకుని చిన్నాయన చేతిలో పెట్టింది. ఆయన అప్పుడు తినలేదు. జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత అవ్వ బతికున్నంత కాలం, ఎప్పుడు ఉండలు చుట్టినా మొదటి వేడి ఉండ ఆయనకే ఇచ్చేది. క్షమాపణ అనే మాట మా ఇంట్లో ఎవరూ పలకగా నేను వినలేదు.

అత్తకు ఆడపిల్ల, మా ఊళ్ళోనే, ఆటో దూరంలో. ఆ పిల్ల ఇప్పుడు అనంతపురంలో హాస్టల్లో ఉండి చదువుతోంది, నన్ను వదినా అని పిలిచి నా వంటింటి మీద పడుతుంది. పోయినవారం భౌతికశాస్త్రం పుస్తకం పట్టుకొచ్చి ఏదో అర్థం కాలేదంటే ఈ కథ చెప్పాను. ప్రతి ఉండకూ బరువుంది, బరువున్నదేదైనా కిందికే పోవాలని చూస్తుంది, పక్కవి అడ్డుపడి ఆపుతాయి. కుదుపు వచ్చినప్పుడల్లా ఒక సందు దొరుకుతుంది, జారి అందులో కూర్చుంటుంది, ఇంక పైకి రావాలంటే ఎవరో ఎత్తాల్సిందే. ఎవరూ సర్దకుండానే అన్నీ తక్కువ శక్తితో ఒదిగి ఉండే చోటు వెతుక్కుంటాయి. పిల్ల అంతా విని, "అంటే నేను అమ్మ పుట్టింట్లో పుట్టడానికి కారణం గుంతల రోడ్డా వదినా?" అంది. "కాదు, మీ అమ్మ కొంగు" అన్నాను. వాళ్ళ జేజి, అంటే నాయనమ్మ, హనుమక్క మాత్రం ఇప్పటికీ అది మహిమే అంటుందట. పద్మత్త ఆమెకు చెప్పలేదు, చెప్పదట. నేను ఎవరిని చెప్పడానికి.

ఇప్పుడు మా చేలో శెనక్కాయ లేదు, చీనీ బత్తాయి చెట్లున్నాయి. కొలత డబ్బా లేదు, తూకం ఉంది, తట్టినా తట్టకపోయినా అంతే బరువు, పోట్లాటే లేదు. మట్టి మిద్దె తీసేశారు, గంగాళం అడుగు చిల్లిపడి పాత సామాన్లలో పోయింది. ఉండలు చుట్టేటప్పుడు చెయ్యి ఊదుకుంటూ తిట్టే గొంతు పోయింది. కళ్యాణదుర్గం అవతల రోడ్డు మాత్రం బాగుపడింది. ఇప్పుడు ఏ సారె అయినా గోపురంతోనే చేరుతుంది, ఎవరి మీదా నింద పడదు, ఏ మహిమా జరగదు.

మాడిన పాకంతోనే ఉండలు చుట్టాను. కాస్త చేదు. హాస్టల్ పిల్లలు ఏదైనా తింటారు. ప్లాస్టిక్ డబ్బాలో వేస్తే నిండిపోయి మూత పట్టలేదు, గట్టు మీద ఇంకా ఐదారు మిగిలాయి. డబ్బాను గట్టుకేసి రెండుసార్లు గట్టిగా తట్టాను. అవి కూడా పట్టాయి. ఈ పద్ధతిలో పెద్ద డబ్బా కొననక్కర్లేదు.